కోరింగ మడ అడవి పెరిగిందా, తరిగిందా? ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేల్చడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి 1990లో అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-5 తీసిన చిత్రాన్ని, 2023లో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన చిత్రాన్ని తీసుకుని, ఏది మడ అడవో ఏది కాదో కంప్యూటర్‌తో విడివిడిగా గుర్తించారు (దీన్నే వర్గీకరణ అంటాం). ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే మడ అడవి అయిదో వంతు పెరిగినట్టు వచ్చింది. భైరవపాలెం వైపు మత్స్యకారులేమో సముద్రం అడవిని కోసుకుపోతోందని చెబుతున్నారు. ప్రభుత్వ నివేదికల్లోని అంకెలు ఈ రెండింటితోనూ కలవడం లేదు. ఎవరి మాట నమ్మాలని అడిగారు.

మత్స్యకారులు చెప్పేదీ నిజం కావచ్చు, మీ పటంలో కనిపించిన పెరుగుదలలో కొంత భాగమూ నిజం కావచ్చు. గోదావరి డెల్టాలో అడవి ఒక వైపు పోతూ మరో వైపు వస్తూ ఉంటుంది కాబట్టి ఈ రెండు మాటలకూ వైరం లేదు. అయితే మీ అయిదో వంతులో ఎక్కువ భాగం నేలమీద జరిగిన మార్పు కాదని, కొలబద్ద మారడం వల్ల వచ్చిన తేడా అని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లుగా ఈ తీరం చిత్రాలతో పని చేస్తున్న వాడిగా చెబుతున్నాను: రెండు వేర్వేరు పద్ధతుల్లో గీసిన పటాలను తీసివేస్తే మిగిలేదాంట్లో అడవి పాలు తక్కువ, పద్ధతి పాలు ఎక్కువ.

ఇది మీ ఒక్కరికే ఎదురైన చిక్కు కాదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ నివేదికల్లో ఆంధ్రప్రదేశ్ మడ అడవుల వరుసను ఒకసారి చూడండి. 1987 నివేదికలో 495 చదరపు కిలోమీటర్లు ఉంటే 1989 నివేదికలో 405 ఉంది. రెండేళ్లలో 90 చదరపు కిలోమీటర్ల అడవి మాయమైందా? మొదటి నివేదికను సుమారు 80 మీటర్ల స్పష్టత గల ఎంఎస్‌ఎస్ (ల్యాండ్‌శాట్ మీది పాత కెమెరా) చిత్రాలను పదిలక్షకు ఒకటి స్కేలులో కంటితో చూసి తయారు చేశారు; రెండోదానికి 30 మీటర్ల టీఎం (ఆ తరువాతి కెమెరా) చిత్రాలు, రెండున్నర లక్షకు ఒకటి స్కేలు వాడారు. ముతక చిత్రంలో అడవి ఖాతాలో కలిసిపోయిన కాలవలు, ఉప్పునేలలు సన్నటి చిత్రంలో విడివడి కనిపించాయి. మళ్లీ 1999లో 397గా ఉన్న అంకె 2001లో 333కు పడిపోయింది. ఆ ఏడాది నుంచే దేశమంతటికీ భారత ఉపగ్రహాల ఎల్‌ఐఎస్‌ఎస్-3 కెమెరా చిత్రాలను కంప్యూటర్ మీద, యాభై వేలకు ఒకటి స్కేలులో విశ్లేషించడం మొదలైంది. ఆ రెండు మెట్ల దగ్గర నిజమైన నష్టం అసలే లేదని నేను అనడం లేదు, ఆ పట్టిక నుంచి దాన్ని విడదీసి చూపడం ఎవరి తరమూ కాదని మాత్రమే అంటున్నాను.

కొత్త నివేదికల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్లు ఇచ్చారు. 2023 నివేదికలో 421.43 ఇచ్చి, రెండేళ్లలో 13.01 పెరిగిందని చెప్పారు. 405కు 13.01 కలిపితే 418.01 అవుతుంది తప్ప 421.43 కాదు. అంటే పాత అంకెను కూడా సవరించి, సవరించిన దానితో పోల్చారన్నమాట. ఇది తప్పు కాదు, పైగా అలా చేయడమే సరైన పని. కానీ పాత పుస్తకంలోని అంకెనూ కొత్త పుస్తకంలోని అంకెనూ పక్కపక్కన పెట్టి తీసివేసే పాఠకుడు మోసపోతాడు. పత్రికల్లో వచ్చే ‘పెరిగిన అడవులు’, ‘తగ్గిన అడవులు’ వార్తల్లో కొన్నిటికి ఈ తీసివేతే మూలం.

ఇప్పుడు మీ పటాల సంగతి. అన్నిటికన్నా ముందు, విస్తీర్ణాన్ని ఏ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతి) లెక్కించారో చూసుకోండి. వెబ్ పటాలకు వాడే మెర్కేటర్ ప్రొజెక్షన్‌లోనే ఉంచి లెక్క కడితే, కోరింగ ఉన్న సుమారు 16.7 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం 9 శాతం ఎక్కువగా వస్తుంది. రెండు పటాల్లో ఒకటి విస్తీర్ణం దాదాపు సరిగ్గా వచ్చే యూటీఎం ప్రొజెక్షన్ 44 ఉత్తర మండలంలో, మరొకటి వెబ్ మెర్కేటర్‌లో ఉండిపోతే, ఒక్క చెట్టు మొలవకుండానే అడవి 9 శాతం పెరుగుతుంది. చిన్న పొరపాటే, కానీ నా దగ్గరికి వచ్చిన విద్యార్థుల పటాల్లో దీన్ని ఒకటికి రెండుసార్లు చూశాను.

తరువాతిది పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో గడి, పరిమాణం. ల్యాండ్‌శాట్‌లో అది 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. మైదానపు అడవికి అంచు తక్కువ, లోపలి భాగం ఎక్కువ. మడ అడవికి అంచే ఎక్కువ, ఎందుకంటే దాన్ని ఉప్పుటేర్లు, వాటి పిల్లకాలవలు, వాటి నుంచి చీలిన సన్నటి పాయలు ఎక్కడికక్కడ కోసి పెడతాయి. ఒక ప్రాంతంలో ఒడ్ల పొడవంతా కలిపి 500 కిలోమీటర్లు ఉందని లెక్క కోసం అనుకుందాం. 30 మీటర్ల పిక్సెల్‌లో సగం, అంటే 15 మీటర్ల మేర, అడవి గీత అటో ఇటో జరిగితే వచ్చే తేడా 7.5 చదరపు కిలోమీటర్లు. 10 మీటర్ల చిత్రం 20 మీటర్ల కాలవను నీరుగా చూపిస్తే, 30 మీటర్ల చిత్రం దాన్ని అడవితో కలిపేస్తుంది. అదే 10 మీటర్ల చిత్రం కాలవ గట్టున ఒక వరుసగా నిలిచిన తెల్లమడ చెట్లను పట్టుకుంటే, 30 మీటర్లది వాటిని బురదలో కలిపేస్తుంది. తేడా ఏ దిక్కుకు వస్తుందో ముందుగా చెప్పలేం. అందువల్ల 1990తో పోల్చదలచినప్పుడు 2023కు కూడా ల్యాండ్‌శాట్-8 లేదా 9 చిత్రాలే వాడండి. సెంటినెల్-2 తప్పనిసరి అయితే దాన్ని ముందు 30 మీటర్లకు కుదించి, ఆ తరువాతే వర్గీకరించండి. పది మీటర్ల స్పష్టతను వదులుకోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది. ఆ స్పష్టతను 2015 తరువాతి కాలానికి మరో విడి అధ్యయనంలో వాడుకోవచ్చు.

ల్యాండ్‌శాట్ వరుసలోనూ అతుకులు ఉన్నాయి. ల్యాండ్‌శాట్-5 టీఎం కెమెరాలో సమీప పరారుణ (కంటికి కనబడని, పచ్చటి ఆకు బాగా వెనక్కి పంపే కాంతి) బ్యాండ్, అంటే కాంతి పట్టీ, వెడల్పైనది, 2013లో వచ్చిన ల్యాండ్‌శాట్-8లో అదే బ్యాండ్‌ను సన్నగా చేశారు. దానివల్ల అదే చెట్టుకు కొత్త ఉపగ్రహంలో ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) కాస్త ఎక్కువగా వస్తుంది. ఇంత దాటితే అడవి అని రెండు కాలాలకూ ఒకే ఎన్‌డీవీఐ గీత పెట్టుకుంటే 2013 నుంచి అడవి ఒక్కసారిగా పచ్చబడినట్టు కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్-7లో 2003 మే 31న స్కాన్ లైన్ సరిదిద్దే భాగం పాడైంది, అప్పటి నుంచి అది తీసిన ప్రతి దృశ్యంలో సుమారు 22 శాతం చారలుగా ఖాళీ. ఇక సెంటినెల్-2కు 2022 జనవరి 25 నుంచి వచ్చిన కొత్త ప్రాసెసింగ్‌లో పిక్సెల్ విలువలకు 1000 కలిపారు. పాత, కొత్త చిత్రాలను దాన్ని తీసివేయకుండా కలిపితే సూచికలన్నీ తారుమారవుతాయి. ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మనైజ్డ్ అని రాసి ఉన్న సేకరణ వాడితే ఈ సవరణ దానంతట అదే జరుగుతుంది. మీ 2023 చిత్రం ఈ తేదీ తరువాతిదే కాబట్టి మీరు ఏ సేకరణ వాడారో తప్పక చూసుకోండి.

సముద్రపు పోటు (నీరు పెరగడం), పాటు (నీరు తగ్గడం) సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను మొట్టమొదట దెబ్బతిన్నది ఇక్కడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు తేదీల చిత్రాలు పోల్చి, కాకినాడ అఖాతం లోపలి అంచున కొంత అడవి పోయిందని పటం గీసి, ఆ పటం పట్టుకుని పడవ ఎక్కాను. నేను ఎర్రరంగు పులిమిన చోటికి వెళ్లేసరికి నడుము ఎత్తు తెల్లమడ మొక్కలు బురదలో బారులు తీరి ఉన్నాయి, చుట్టూ వాటి శ్వాసవేళ్లు పెన్సిళ్లు నాటినట్టు లేచి ఉన్నాయి. పడవ నడుపుతున్న పెద్దాయన నా పటం చూసి, “ఇది పోటు మీద తీసిన ఫొటో అయ్యుంటదండి, పోటుకి ఇవి మునుగుతాయి కదా” అన్నారు. తేదీ, సమయం తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం. ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 రెండూ ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ దాదాపు ఒకే గడియారపు వేళకు, ఉదయం తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య వస్తాయి. పోటు మాత్రం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. కాబట్టి ఒక తేదీన బురద మేటలు బయటపడి కనిపిస్తాయి, మరో తేదీన వాటి మీద మొలిచిన చిన్న మొక్కలతో సహా నీటి కింద ఉంటాయి.

దీనికి మందు రెండు రకాలు. చిత్రాలు కొద్దిగా ఉన్న పాత కాలానికి సర్వే ఆఫ్ ఇండియా పోటుపాటుల పట్టికల నుంచి, లేదా పోటును లెక్కగట్టే ఏదైనా కంప్యూటర్ నమూనా నుంచి, చిత్రం తీసిన నిమిషానికి నీటిమట్టం లెక్కించి, దాదాపు ఒకే మట్టం ఉన్న తేదీలను మాత్రమే జత చేయడం మొదటిది. చిత్రాలు పుష్కలంగా ఉన్న కొత్త కాలానికి ఒక్క తేదీని నమ్ముకోకుండా, ఏడాదిలోని మబ్బులేని పరిశీలనలన్నీ పోగుచేసి ప్రతి పిక్సెల్‌కూ మధ్యగత విలువ (వరుసలో నడుమ వచ్చేది) తీసుకోవడం రెండోది. 1990కి ఒక్క ఏడాదిలో సరిపడా చిత్రాలు దొరకకపోతే 1988 నుంచి 1991 వరకు కలిపి ఒక కాలంగా తీసుకోండి, పటం మీద కూడా అలాగే రాయండి.

కాలం ఎంపికలో మన డెల్టా వ్యవసాయాన్ని మరిచిపోవద్దు. పుస్తకాల్లో ‘వేసవి ముందరి నెలలు, మబ్బు తక్కువ’ అని ఉంటుంది, ఆ మాట ప్రకారం చాలామంది ఫిబ్రవరి చిత్రం తీసుకుంటారు. ఫిబ్రవరిలో గోదావరి కాలవల కింద దాళ్వా (రబీ) వరి నీళ్లలో పచ్చగా నిలిచి ఉంటుంది. నీరు, పచ్చదనం కలిసిన పిక్సెల్ షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో (తేమ బాగా పీల్చుకునే మరో పరారుణ కాంతి) నల్లగా, సమీప పరారుణంలో వెలుగుగా కనిపిస్తుంది. మడ అడవి గుర్తు కూడా సరిగ్గా అదే. దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేసిన తరువాత, ఏప్రిల్ చివర నుంచి మే నెలలో పొలాలు ఎండి తెల్లబడతాయి, మడ అడవి మాత్రం పచ్చగానే ఉంటుంది. ఈ రెండు కాలాల చిత్రాలనూ కలిపి వర్గీకరణకు ఇస్తే వరి దానంతట అదే విడిపోతుంది. మిగిలే తలనొప్పి సరుగుడు తోటలు, గట్ల మీది సర్కారు తుమ్మ, కోనసీమ వైపు కొబ్బరి. వీటిని విడదీయడానికి స్పెక్ట్రం ఒక్కటే చాలదు. నేల ఎత్తు, ఉప్పుటేటి నుంచి దూరం అనే రెండు పొరలు తోడైతే చాలావరకు తేలిపోతాయి, ఎందుకంటే మడ చెట్టు పోటునీరు తాకని ఇసుకదిబ్బ ఎక్కదు, సరుగుడు తోటను పోటునీటిలో ఎవరూ వేయరు.

సూచికల విషయంలో నా మాట కొంత కటువుగా ఉండవచ్చు. మడ అడవి కోసం ప్రత్యేకంగా తయారైన ఎంవీఐ వంటి సూచికలు మంచివే, సమీప పరారుణం, ఆకుపచ్చ, షార్ట్‌వేవ్ బ్యాండ్లను తెలివిగా కలుపుతాయి. కానీ ఎంవీఐకి ఫిలిప్పీన్స్‌లో సరిపోయిన 4.5 అనే గీతను తెచ్చి కోరింగకు అతికించడం సరికాదు. మన దగ్గర తిల్ల చెట్టు ఆకు రాలుస్తుంది. ఉప్పునేలల్లో తెల్లమడ పొదలాగా పొట్టిగా, పలచగా ఉంటుంది. చెట్ల నడుమ ఖాళీల్లో ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర ఎర్రగా పరుచుకుని ఉంటుంది. సూచికలను గీతలుగా వాడకుండా, ర్యాండమ్ ఫారెస్ట్ వంటి, ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ వర్గీకరణకు ఇచ్చే లక్షణాల్లో కొన్నిగా చేర్చండి. శిక్షణ నమూనాలను (ఏది ఏదో ముందే తెలిసిన చోట్లను) ‘మడ’, ‘మడ కానిది’ అని రెండు కుప్పలుగా ఉంచకుండా దట్టమైన మడ, పలచటి మడ, ఇలకూరతో కూడిన ఉప్పునేల, రొయ్యల చెరువు, సరుగుడు, కొబ్బరి, వరి, బురదమేట, నీరు అని విడదీసి ఇవ్వండి, చివర్లో కలుపుకోవచ్చు. ప్రపంచ మడ అడవులకు గ్లోబల్ మాంగ్రోవ్ వాచ్ తయారుచేసిన పటాలను సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకోవచ్చు గానీ, వాటి నుంచే శిక్షణ నమూనాలు తీసి, మళ్లీ వాటితోనే ఖచ్చితత్వం పరీక్షించి 97 శాతం వచ్చిందని రాయడం అద్దంలో చూసుకుని మెచ్చుకోవడం లాంటిది.

ఇక అసలు చేయవలసిన పని. రెండు పటాలు గీసి తీసివేయడం మానేయండి. రెండు పటాలూ చెరి 90 శాతం సరైనవైతే, తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడ్డప్పుడు, తీసివేసిన పటంలో రెండు తేదీలూ సరిగ్గా ఉన్న పిక్సెళ్లు 81 శాతమే. అడవి నిజంగా మారింది మూడు నాలుగు శాతమే అయితే, ఆ మార్పు ఈ 19 శాతం తప్పుల కింద కప్పబడిపోతుంది. దీనికి బదులు రెండు కాలాల బ్యాండ్లనూ ఒకే దొంతరగా పేర్చి, నేరుగా ‘పోయిన అడవి’, ‘వచ్చిన అడవి’, ‘నిలిచిన అడవి’, ‘ఎప్పుడూ అడవి కానిది’ అనే నాలుగు తరగతులకు శిక్షణ ఇవ్వండి. ప్రతి ఏటి చిత్రాలూ దొరికే చోట్ల ఒక్కో పిక్సెల్ ఏటేటా ఎలా మారిందో చూసే ల్యాండ్‌ట్రెండర్ వంటి కాలక్రమ పద్ధతులు ఇంకా మేలు. ఒక ఏడు అడవి, మరుసటి ఏడు నీరు, ఆపై ఏడు మళ్లీ అడవి అని వచ్చిన పిక్సెల్ దాదాపు ఎప్పుడూ పోటు చేసిన మాయే, దాన్ని మార్పుగా లెక్కించకూడదు.

పటం వచ్చాక విస్తీర్ణాన్ని పిక్సెళ్లు లెక్కపెట్టి చెప్పవద్దు. నమూనా బిందువులతో ఎలా చెప్పాలో ఒక ఊహాజనిత ఉదాహరణ ఇస్తాను. పటం మొత్తం 400 చదరపు కిలోమీటర్లు. అందులో పోయిన అడవి 4, వచ్చిన అడవి 6, నిలిచిన అడవి 170, ఎప్పుడూ కానిది 220 అనుకుందాం. తరగతుల వారీగా యాదృచ్ఛికంగా 75, 75, 150, 200 బిందువులు వేసి, ప్రతి బిందువునూ రెండు కాలాల చిత్రాల్లో కంటితో చూశారు. ‘పోయిన అడవి’ బిందువుల్లో 57 మాత్రమే నిజంగా పోయినవి. ‘నిలిచిన అడవి’ 150లో 2, ‘ఎప్పుడూ కానిది’ 200లో 1 కూడా నిజానికి పోయిన అడవే. ‘వచ్చిన అడవి’లో అలాంటిది ఒక్కటీ లేదు. ఇప్పుడు పోయిన అడవి అంచనా 4లో 76 శాతం 3.04, దానికి 170లో నూటయాభైకి రెండు చొప్పున 2.27, 220లో రెండువందలకు ఒకటి చొప్పున 1.1 కలిపితే 6.4 చదరపు కిలోమీటర్లు. 95 శాతం విశ్వాసంతో దీని పొరపాటు అటూ ఇటూ 3.8. పటం 4 అన్నది, నిజం 2.6కూ 10.2కూ నడుమ ఎక్కడైనా ఉండవచ్చు. పెద్ద తరగతిలో పడిన రెండు తప్పు బిందువులు చిన్న తరగతి లెక్కను ఎంత మార్చాయో గమనించండి. ఈ పొరపాటు తగ్గాలంటే నిలిచిన అడవి అంచున, కాలవల వెంట మరో పొర చేసి అక్కడ బిందువులు ఎక్కువ వేయాలి.

మార్పు ఎక్కడ వెతకాలన్నది చివరి సంగతి. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ నుంచి సముద్రానికి ఎదురుగా ఉన్న అంచున కోత ఉంది. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు కట్టాక నది తెచ్చే ఒండ్రు తగ్గింది, ఆ లోటు ముందు కనిపించేది ఇక్కడే. మత్స్యకారులు చూస్తున్నది ఈ అంచునే. హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె చాటున ఉన్న కాకినాడ అఖాతం లోపలి వైపు బురద మేటలు వేసి, వాటి మీద తెల్లమడ దానంతట అదే ముందుకు నడిచింది. మీ పటంలో పెరుగుదల అక్కడే గుంపుగా ఉంటే అది నమ్మదగినది. పెరుగుదల అడవి నిండా చిల్లరగా, కాలవల ఒడ్ల వెంట ఒక్కో పిక్సెల్ చొప్పున చల్లినట్టు ఉంటే అది పిక్సెల్ తేడా. అడవి వెనుక భూమి వైపు నష్టం వేరే రకం. 1990ల్లో రొయ్యల చెరువులు తవ్వినవి గట్లతో సహా నలుచదరాలుగా కనిపిస్తాయి, ఆ ఆకారమే సాక్ష్యం. చేప ఎముక ఆకారంలో కాలవలు తవ్వి మడ మొక్కలు నాటిన పునరుద్ధరణ ప్రాంతాలు కూడా మంచి స్పష్టత చిత్రాల్లో ఇట్టే గుర్తుపట్టవచ్చు. కానీ 30 మీటర్లలో అవి కనబడటానికి నాటిన తరువాత కొన్నేళ్లు పడుతుంది, కాబట్టి ఆ అడవి పుట్టిన ఏడాదిని చిత్రం నుంచి కాకుండా అటవీ శాఖ రికార్డు నుంచి తీసుకోండి. 1996 నవంబరు తుఫాను వంటివాటి తరువాతి చిత్రంలో ఎన్‌డీవీఐ పడిపోతే వెంటనే నష్టంగా రాయకండి. ఆకు రాలిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది, రెండు మూడేళ్లు చూసి రాయండి.

ముందుగా ఒక్క పని చేయండి. మీ రెండు చిత్రాలను 30 మీటర్లకు, ఒకే ప్రొజెక్షన్‌కు తెచ్చి, కొత్త వర్గీకరణ ఏదీ లేకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, 1990 నాటి సముద్రపు అంచును, అఖాతపు అంచును చేత్తో గీయండి. ఆ రెండు గీతలను 2023 చిత్రం మీద ఉంచితే, ఎటు పోయిందో ఎటు వచ్చిందో అరగంటలో కంటికి తెలుస్తుంది. ఆ తరువాత వర్గీకరణ ఇచ్చే అంకె దానితో కలవకపోతే అంకెనే అనుమానించండి. గీతలు గీసిన ఆ పటాన్ని పట్టుకుని, పాటు వేళ చూసుకుని, భైరవపాలెంలో పడవ మాట్లాడుకోండి.